యుద్ధం, గ్యాసునూనె, సరిహద్దు పల్లెలు

డెబ్బైమూడు నాటి అరబ్బు దేశాల యుద్ధం జరిగిన మరుసటి ఏడు, డిగ్రీ ముగించి జహీరాబాదులో ఇంటిపట్టున ఉన్నాను. అప్పుడే హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థ నుంచి ఒక మేడమ్ వచ్చారు. ఎక్కడో జరిగే యుద్ధం మన పల్లెలను ఎలా తాకుతుందో తెలుసుకుని ప్రభుత్వానికి నివేదిక రాయడం ఆమె పని. తెలుగు, ఉర్దూ, కాస్త కన్నడం తెలిసినవాళ్లు కావాలంటే కాలేజీవాళ్లు నన్ను చూపించారు.

నాకు లోలోపల నవ్వొచ్చింది. యుద్ధాల గురించి రాసేవాళ్లు ఢిల్లీలో ఉండాలి గానీ న్యాల్‌కల్ పల్లెల బస్సెక్కి ఏం చేస్తారనుకున్నాను.

రెండు నెలలు కన్నడ సరిహద్దు పల్లెలు తిరిగాం. ఏ ఇంట్లో అడిగినా గ్యాసునూనె లేదనే మాటే. కిరసనాయిలును మా వైపు అలాగే అంటారు. కొరత టౌనులోనూ ఉంది, కానీ అక్కడ ఎంతో కొంత దొరికేది. ఇక్కడ చుక్క లేదు. కారణం తెలిసేదాకా మేడమ్ కదలనన్నారు.

చివరికి జొన్నలు చెరుగుతున్న ఒక ముసలమ్మ చెప్పింది.

"డీలరు జహీరాబాద్ల ఉంటడు బిడ్డా. నూనె ఎప్పుడొస్తదో మాకెవలు చెప్తరు? పనులిడిసి పొయ్యేసరికి అయిపోయిందంటడు. సగం నూనె ఆ యుద్ధం తాగింది, మిగిలింది గీ తొవ్వ తాగింది."

తొవ్వ అంటే దారి అని చెబితే, మేడమ్ ఆ మాటను నాతో రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నారు.

నివేదిక వినడానికి ప్రభుత్వ అధికారి జహీరాబాదు వచ్చిన రోజు, మేడమ్ కాగితాలు నా చేతిలో పెట్టారు. "ఊళ్లవాళ్లతో మాట్లాడింది నువ్వు. నువ్వే చదువు."

సగం చదివానో లేదో అధికారి ఆపారు. "అరబ్బులు చమురు బంద్ చేస్తే మనమేం చేస్తమమ్మా?"

అయినా వెనక్కి తగ్గలేదు.

"యుద్ధాన్ని మనం ఆపలేం సార్. కానీ వచ్చిన నూనెల ఈ ఊళ్ల వాటా పోయేది ఇక్కడ్నే. ఏ రోజు ఇస్తరో ముందుగాల చాటింపు వేయించొచ్చు. ఆ ఊళ్ల నడుమ ఒక దుకాణం పెట్టొచ్చు."

"ఏయే ఊళ్లు?"

కాగితం చూడకుండా అన్నీ వరుసగా చెప్పాను. ఆయన కలం తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. పక్కన మేడమ్ తల వంచుకుని నవ్వుకుంటున్నారు.

వర్షాకాలం రాకముందే దుకాణం తెరిచారు. మొదటి రోజు ఆ ముసలమ్మ నిండు డబ్బాతో ఎదురొచ్చింది.

"నువ్వే చెప్పినవంట గద. ఆఫీసరు ఇన్నడా?"

"విన్నడు అవ్వా."

"ఇనక ఏం జేస్తడు," అని నా భుజం తట్టి నడిచింది. ఆ పొద్దు నా కాళ్లు నేల మీద లేవు.

తర్వాత ఆ సంస్థలోనే ఉద్యోగం చేశాను. ఎనభైలో మళ్లీ యుద్ధం, ఈసారి గల్ఫులో, మొదలైందని రేడియోలో విన్న వారంలోనే, ఎవరూ అడగకముందే, నలుగురు కొత్త పరిశోధకులను వెంటబెట్టుకుని, నూనె అందుతోందో లేదో చూడ్డానికి జహీరాబాదు దగ్గరి రాయికోడ్ పల్లెలకు బయలుదేరాను.