అరువుకెళ్లిన అమ్మమ్మ

మా కాలేజీలో సదస్సు జరిగితే ఒక పద్ధతి ఉంది. రెగ్యులర్ వాళ్లు వేదిక మీద ఉంటారు, గెస్ట్ లెక్చరర్లం భోజనాల దగ్గర ఉంటాం. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు. తాండూరులో ఎండాకాలం బండలు కాలినంత సహజంగా జరిగిపోతుంది. ఏళ్ల తరబడి అక్కడ తెలుగు చెప్తున్న నేను వేదిక మెట్లు ఎక్కింది, అతిథులు దీపం వెలిగించేటప్పుడు అగ్గిపెట్టె అందివ్వడానికే.

ఆ ఏడు మాత్రం మైకు ముందుకు వెళ్లాలని గట్టిగా అనుకున్నాను. సరిహద్దు ప్రాంతంలో మనిషి ఏ పనికి ఏ భాష వాడతాడన్నది నా పత్రం. దానికోసం ఆదివారాలన్నీ ధారపోశాను. గంజ్‌లో కందులు అమ్ముకోవడానికి వచ్చిన రైతుల పక్కన, బండల పాలిషింగ్ యూనిట్ల ముందున్న టీ బండ్ల దగ్గర, కొడంగల్ బస్సులో వెనక సీట్లో చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. తెలుగులో తిట్టుకుని, ఉర్దూలో బేరమాడి, దెబ్బ తగిలితే కన్నడంలో అమ్మను పిలిచే మనుషులు దొరికారు. ఇంట్లోవాళ్లు నాకు పిచ్చి పట్టిందనుకున్నారు. పట్టిన మాట నిజమే.

ఆ పత్రానికి ప్రాణం మా అమ్మమ్మ. ఆమె పుట్టింది తాండూరు దాటాక, కన్నడం మాట్లాడే పల్లెలో. పెళ్లయి వికారాబాద్ పక్కన ఊరికి వచ్చింది. అక్కడ ఆ భాష ఎవరికీ రాదు. కొత్తలో నోరు జారి కన్నడం మాట్లాడితే అత్తగారింట్లో నవ్వారట. దాంతో ఆమె భాషను మింగేసింది, కన్న కూతురైన మా అమ్మకు కూడా నేర్పలేదు. పుట్టింటి నుంచి ఒక బర్రె పడ్డ వచ్చింది. దానితో మాత్రం మాట్లాడింది. ఆ తర్వాత దాని దూడతో, ఆ దూడ దూడతో. ఇప్పటికీ పొద్దు గూకగానే బర్రె మెడ మీద చెయ్యి వేసి, "బా తంగీ, మనిగి హోగోణ" అంటుంది. రా చెల్లీ, ఇంటికి పోదాం అని. ఎందుకే దానితో కన్నడం అంటే, "దానికి తెలుగు రాదు బిడ్డా" అని నవ్వుతుంది. ఇదే రాశాను, మా అమ్మమ్మ అనే రాశాను. ఆ నవ్వు వెనక ఏముందో కూడా రాశాను.

రాసింది మొదట చదివింది అక్క. అక్కంటే మా తెలుగు శాఖ హెడ్డు, రెగ్యులర్. ఇద్దరం వికారాబాద్‌లో ఒకే రైలు ఎక్కేవాళ్లం. నాకోసం హ్యాండ్‌బ్యాగ్ పెట్టి సీటు ఆపేది. నా డబ్బాలో జొన్నరొట్టె ఆమెకు, ఆమె డబ్బాలో పులిహోర నాకు. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు నా క్లాసులన్నీ ఆమె తీసుకుంది, ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. అలాంటి మనిషి. రైలు తాండూరు చేరేలోపు పత్రం చదివి కళ్లు తుడుచుకుంది.

"మస్తు రాసినవే," అంది. "నాకైతే ఇట్ల రాయనీకె రాదు."

ఆ ఒక్క మాటకు పొంగిపోయాను. మీ పేరు కూడా పెడదామన్నాను. పెట్టడమే కాదు, ముందు పెట్టాను. పెళ్లి పత్రికలో పెద్దల పేర్లు పైన లేకుండా పిల్లల పేర్లు అచ్చు వేస్తామా? మాకు తెలిసిన మర్యాద అదే. అక్క "ఎందుకే నాది" అని ఒకసారి అంది. రెండోసారి అనలేదు.

గెస్ట్ వాళ్లను మళ్లీ తీసుకునేటప్పుడు పత్రం చదివితే మార్కులు కలుస్తాయని చెప్పుకున్నారు. ఆ ఆశ లేదనను. కానీ అంతకంటే పెద్ద ఆశ, అమ్మమ్మ వినాలని. అంతమంది చదువుకున్నవాళ్ల ముందు, నవ్వులపాలైన ఆమె భాష గురించి ఆమె మనవరాలు మాట్లాడుతుంటే వినాలని. అక్కకు చెప్తే, "తీస్కరా, ముందు వరుసల కూసోబెడ్దం" అంది.

సదస్సు రోజున అమ్మమ్మ పండుగ చీర కట్టుకుని నాతో రైలెక్కింది. పత్రం తన గురించేనని ముందే చెప్పలేదు, అక్కడే వినాలని. ముందు వరుసలన్నీ అతిథులవే. వెనక ఫ్యాను కింద కుర్చీ చూసి కూర్చోబెట్టాను. అక్క హడావిడిగా వచ్చింది.

"మన పేపర్ తిన్నంక ఉంటది. నువ్వు జర భోజనాల కాడ చూస్కో, పిల్లలకు ముందే పెట్టేస్తున్నరు. వంతొస్తె నేనే పిలిపిస్త."

వెళ్లాను. వెనక షామియానా కింద నడుముకు కొంగు చుట్టి పప్పు గరిటె పట్టుకున్నాను. లోపలి మాటలు వినబడాలని అక్కడ కూడా ఒక స్పీకర్ పెట్టారు. ఎవరిదో పత్రం అయింది, చప్పట్లు. తర్వాత అక్క గొంతు. అధ్యక్షుల వారికి నమస్కారం చెప్తోంది. పరిచయం చేస్తోందేమో అనుకున్నాను. విద్యార్థులు ప్లేట్లు చాపుతున్నారు, నేను వడ్డిస్తున్నాను. అప్పుడు స్పీకర్‌లోంచి వచ్చింది.

"మా అమ్మమ్మ పొద్దు గూకగానే బర్రె మెడ మీద చెయ్యి వేసి..."

గరిటె ఎత్తినది ఎత్తినట్టే ఉంది. బా తంగీ అన్న మాటను అక్క దినపత్రికలో శీర్షిక చదివినట్టు చదివింది. జనం నవ్వాల్సిన చోట నవ్వారు, ఆగాల్సిన చోట ఆగారు. అన్నీ నేను ఏర్పాటు చేసిన చోట్లే. "మేడం, పప్పు" అని ఒక అమ్మాయి రెండుసార్లు పిలిస్తే గాని నేను కదల్లేదు. లోపలికి పరుగెత్తి మైకు లాక్కుందామనిపించింది. గరిటెతో సహా.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. వడ్డించేదాన్నే నేను, నాకే విస్తరి లేదు. కాసేపటికి అతిథులతో పాటు అక్క కూడా ప్లేటు పట్టుకుని నా ముందుకే వచ్చింది.

"మీరు చదివారేంటక్కా?" అన్నాను.

"టైం లేదని సెషన్ ముందుకు జరిపిన్రు. ముందున్న పేరోల్లనే పిలుస్తరు గద? నేనేం జేసేది?"

"మా అమ్మమ్మ అక్కా ఆమె."

"నువ్వు రాసినట్టే చదివిన. ఒక్క మాట మార్చలే." ఇటు అటు చూసి గొంతు తగ్గించింది. "నా ప్రమోషన్ ఫైల్‌ల గిదొక్కటే తక్కువున్నది. నీకేం, చిన్నదానివి, మల్లొకటి రాస్తవు. ఏమనుకోకు. జర పప్పు ఎయ్యి."

వేశాను. చెయ్యి దానంతట అదే వేసింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టుంది నా పని. మళ్లీ ఒకటి రాస్తానట! ఇంకొక అమ్మమ్మను ఎక్కడి నుంచి తేను?

అమ్మమ్మ దగ్గరికి వెళ్లడానికి భయపడ్డాను. ఆమె మాత్రం కుర్చీలోంచి లేచి ఎదురొచ్చింది, ముఖం వెలిగిపోతోంది.

"నీ వంతు ఎప్పుడే?"

"రాలేదు అమ్మమ్మా. టైం అయిపోయింది."

"కానీ తియ్యి, ఫికర్ జెయ్యకు," అని నా చెయ్యి పట్టుకుంది. "గా మేడం చెప్పింది విన్నవా? వాళ్ల అమ్మమ్మ గూడ నా లెక్కనేనంట. బర్రెతోని కన్నడం మాట్లాడుతదంట! ఏ ఊరో అడుగు బిడ్డా."

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. ఆ ముఖం చూసి మూసుకున్నాను.

తర్వాతి నెలలో అధ్యాపకుల విజయాలంటూ గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. అందులో అక్క ఫోటో, శాలువాతో. కింద రాసే నాలుగు వాక్యాల పని ప్రిన్సిపాల్ సారు నాకే అప్పగించారు, తెలుగు తప్పులుండవని. "పల్లె జీవితంలోకి తొంగిచూసిన అరుదైన క్షేత్ర పరిశోధన" అని నా చేత్తోనే రాసిచ్చాను. నా పేరు ఎక్కడా లేదు. అక్క ఇంకా హ్యాండ్‌బ్యాగ్ పెట్టి సీటు ఆపుతూనే ఉంది. నేను వేరే పెట్టె ఎక్కుతున్నాను. మార్కులు పోయినందుకు కాదు, ఆ క్లాసులు తీసుకున్న మనిషీ ఈ మనిషీ ఒకరే కావడం నాకు మింగుడు పడటం లేదు.

మొన్న ఊరికి వెళ్లినప్పుడు అమ్మమ్మ బర్రెకు కుడితి పెడుతోంది. నన్ను చూడగానే అదే ప్రశ్న.

"అడిగినవా, ఆమెది ఏ ఊరో?"

"అడుగుత అమ్మమ్మా."

"జల్ది అడుగు. ఆమె గూడ నా అంత ముసల్దే ఉంటది," అంది బర్రె వీపు నిమురుతూ. "ఒక్కపూట కూసోని మాట్లాడుకుంటం. గిదైతే అన్నీ ఇంటది గని, జవాబియ్యది గద బిడ్డా."