నలభై మూడో చరణం

గంగరాజు పాడితే సముద్రంలో పోయినవాళ్ళు పేరుపేరునా లేచొచ్చి ఎదురుగా కూర్చున్నట్టుండేది. కోనసీమ తీరంలో వీధిబడిలో ఐదో తరగతి దాకా చదివిన మనిషాయన. డెబ్బై ఏడు ఉప్పెనలో పోయిన తమ ఊరి చేపల వేటగాళ్ళు నలభై ఇద్దరికీ, తండ్రి పేరుతో, పడవ పేరుతో సహా, మనిషికో చరణం కట్టాడు. కాగితం ముట్టలేదు, ఒక్క పేరూ తప్పలేదు. ఏడూళ్ళవాళ్ళు పిలిచి పాడించుకుని శాలువా కప్పారు. డెబ్బై తొమ్మిదిలో కువైట్ వచ్చి ఫహాహీల్‌లో రొయ్యల బోటెక్కాక కూడా, శుక్రవారం గదిలో ఆయన గొంతెత్తితే పక్క గదులవాళ్ళు గుమ్మంలో నిలబడేవారు. అదే ఊరి సూరిబాబు వంత పాడేవాడు.

ఎనభై నాలుగు ఏప్రిల్లో గంగరాజు జ్వరంతో గదిలో ఉండిపోయిన రోజు, సూరిబాబు వెళ్ళిన బోటు తిరిగి రాలేదు. అందులో ఐదుగురు. గాలిదుమారం తగ్గాక ఐసుపెట్టె మూత ఒకటి దొరికింది. బోటు యజమాని అయిన కఫీల్ చేతులు దులుపుకుని "ఖలాస్" అన్నాడు.

ఇలా పోయినవాళ్ళ మీద కట్టే పాటకు ఆ ఊళ్ళో ఒక కట్టుబాటుంది. వేటకెళ్ళినవాడు పది రోజులు రాకపోతే పదకొండో రోజున అతని పేరు పాటలో కట్టాలి. కట్టారంటే మనిషి పోయినట్టే, ఇంట్లో కర్మ చేసేస్తారు. గంగరాజు కట్టుబాటు తప్పే మనిషి కాదు. సరిగ్గా పదకొండో రోజున టేపురికార్డరు ముందు కూర్చుని, పాటంతా పాడి, చివర సూరిబాబుకు నలభై మూడో చరణం కట్టాడు. సెలవు మీద ఊరెళ్తున్న పక్క గది వెంకటసత్యనారాయణ చేత ఆ క్యాసెట్టు పంపాడు. అంత మంచి చరణం ఇంతకుముందెన్నడూ కట్టలేదని ఆయనకే అనిపించింది.

సూరిబాబు భార్య నాగేశ్వరి ఫహాహీల్‌లోనే ఓ అరబ్బుల ఇంట్లో పనిచేస్తోంది. ఊరి నుంచి ఉత్తరం అందగానే ఇంటి యజమానురాలు మామాను బతిమాలుకుని గంటసేపు సెలవు మీద వచ్చింది.

"మా అత్త కర్మ చేయించేసిందంట బాబాయ్. నువ్వు పాడి పంపేవంట!"

"పదకొండ్రోజులు చూసేనమ్మా. మన ఆనవాయితీ అదే కదా."

"అది మన నాటుపడవల లెక్క బాబాయ్! ఇక్కడ పక్కన యుద్ధం జరుగుతుంది. పోయినేడు సముద్రం అవతలి ఒడ్డోళ్ళు బోటుతో సహా పట్టుకుపోయినోళ్ళు ఎనిమిది నెలలకి తిరిగి రాలేదేంటి? నువ్వే కదా ఆళ్ళకి టీలు పోయించేవు?"

అవును, తనే పోయించాడు. చరణం కడుతున్నప్పుడు అది గుర్తు రాలేదు.

"ఆయన పేరు తీసేసి మళ్ళీ పాడి పంపు. నీ కాళ్ళట్టుకుంటాను."

పాడాడు. నలభై రెండు చరణాలతో ఆపేసి, రెండో క్యాసెట్టు పంపాడు. నెల తిరిగేసరికి జవాబొచ్చింది. పాట ఆగిపోగానే ఊరివాళ్ళు నలభై మూడోది తామే అందుకుని పాడారట. ముందు గొంతెత్తింది సూరిబాబు తల్లి సూరాయమ్మేనట.

ఎనిమిది నెలలు గడిచాయి. ఏడాది దాటింది. అవతలి ఒడ్డు నుంచి ఎవరూ రాలేదు. ఓ శుక్రవారం నాగేశ్వరి వచ్చి గుమ్మం దగ్గరే కూర్చుంది.

"ఆ బోటులో మిగతా నలుగురి పేర్లూ కట్టేవా బాబాయ్?"

"లేదమ్మా. ఇద్దరు ఈజిప్టోళ్ళు, ఇద్దరు బంగ్లావోళ్ళు. ఆళ్ళ తండ్రుల పేర్లు నాకు తెలీవు. తండ్రి పేరు లేకపోతే చరణం నిలబడదు."

నాగేశ్వరి కొంగుతో మొహం తుడుచుకుంది.

"అయితే ఆళ్ళ పెళ్ళాలు ఇంకా ఎదురుచూసుకోవచ్చు" అంది.