తూర్పు వాలులో గడ్డి

కొండను మళ్లీ పచ్చగా చేసే ప్రణాళికను ఊరివాళ్లతోనే వేయించాలని మా సంస్థ నన్ను చౌడేపల్లె దగ్గరి ఒక పల్లెకు పంపింది. జనం చేత నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం గీయించడం నా పని. నేనేమో పిండి డబ్బా ఎవరి చేతికీ ఇవ్వకుండా అంతా నేనే గీశాను. అదేం మామూలు పటమా! పైన విమానంలో పోయేవాళ్లు చూసి, కొత్త జిల్లా పుట్టిందని కిందికి దిగిపోవాలి. కొండకు ఆకుపచ్చ, వంకకు నీలం, పొలాలకు పసుపు. పుంగనూరు అంగళ్లలో ఇక రంగులు మిగల్లేదని నా నమ్మకం.

సభ పదకొండింటికి పెట్టాం. డెయిరీకి పాలు పోసి, ఇంత తిని రైతులంతా వచ్చారు. ఆ వేళకు మేకలు కాసేవాళ్లు కొండ మీద ఉంటారన్న సంగతి, కొండ గురించే సభ పెట్టిన మా మహామేధావుల్లో ఒక్కరికీ తట్టలేదు.

కాలు కుంటుతున్న మేకకు మందు కట్టడానికి ఊళ్లోనే ఆగిపోయిన ఒకావిడ మాత్రం వచ్చింది. పటం చుట్టూ తిరిగి, కొండ తూర్పు వాలు దగ్గర నిలబడింది. ఆ వాలులో చెట్లు లేవు, మేకలూ తిరగవు. కాబట్టి బంజరని తేల్చేశాం. కందకాలు తవ్వి, మొక్కలు నాటి, కంచె వెయ్యాలని రాసుకున్నాం.

“ఇదేందప్పా, ఈడ బోడిగా వదిలేసినావు? ఈడ గడ్డి ఉండాది,” అంది.

“గడ్డి ఉంటే మీ మేకలు ఊరుకుంటాయా అమ్మా?”

“మేమే పోనీము. గింజ రాలేదాకా ఎవురూ తోలకూడదని పొదకు తంగేడు మండ కడతాము. ఎండాకాలం మాకు ఆ వాలే దిక్కు. దాన్ని తవ్వితే నా ఇరవై మేకల్ని యాడికి తోలుకుపోవాల?”

వెనక నుంచి ఒక రైతు అందుకున్నాడు. “ఏమ్మా, మొన్న నా టమోటా నారు మేసిండాయే, దానికీ మండ కట్టాల్సిందా?”

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను.

ఆమె నవ్వలేదు. “ఆ డబ్బా ఇట్ల ఇయ్యప్పా, గడ్డి యాడుండాదో నేను సూపిస్తా,” అని చెయ్యి చాచింది. ఫొటో తీసే మనిషి అప్పటికే కుర్చీ ఎక్కి ఉన్నాడు. నేను డబ్బా వెనక్కి లాక్కుని, “రంగులు చెదిరిపోతాయమ్మా. నువ్వు చెప్పింది తర్వాత రాస్తాంలే,” అన్నాను. రాయలేదు.

ఆ ఫొటోను కుప్పంలో ఒక సమావేశంలో గోడంత చేసి చూపించారు. ప్రణాళికలో ప్రజల భాగస్వామ్యం గురించి నేను అరగంట దంచాను. చప్పట్లకు పైకప్పు రేకులు లేచిపోతాయేమోనని భయపడ్డాను.

తర్వాత వాలంతా కందకాలు తవ్వారు. తవ్విన మన్ను గడ్డి మీదే పోశారు. మొక్కలు చాలావరకు ఎండిపోయాయి, కంచె మాత్రం మహా దిట్టంగా నిలబడింది. ఆ ఎండాకాలం ఆమె మేకల్ని పుంగనూరు సంతకు తోలింది. ఆ సంగతి నాకు మదనపల్లె టమోటా మార్కెట్‌లో, కూలికి కాయలు ఏరుతున్న ఆమే చెప్పింది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే పదింతలు పెంచి నలుగురికీ చెప్పుకుని నవ్వుకునేవాణ్ని.

“గడ్డి మళ్లీ వస్తాదామ్మా?” అని అడిగాను.

“వేర్లుంటే వస్తాది. కంచె ఏసినారు కదప్పా, లోపలికి పోయి ఎవురు సూస్తారు?”

వానాకాలంలో మేకలవాళ్లను లోపలికి పోయి చూడనివ్వాలని మా పైవాళ్లకు అర్జీ రాశాను. నేను రాసినవాటిలో ఒక్క అతిశయోక్తి కూడా లేనిది అదొక్కటే. ప్రణాళిక ఆమోదమైపోయిందనీ, ఊరివాళ్లంతా ఒప్పుకున్నారనీ, ఆ అంగీకార పత్రం కింద నా సంతకమే ఉందనీ జవాబొచ్చింది.

ఆమెకు ఇప్పుడు రెండు మేకలే ఉన్నాయి. పొద్దున మార్కెట్‌కు పోయే ముందు, రోడ్డు పక్కన ఇంత ఆకు కోసుకొచ్చి వాటి ముందు వేసి పోతోంది.