కొట్టినంక ఇనాలె

ప్లగ్గు పెట్టి స్విచ్ వేయగానే స్పీకర్లోంచి సన్నటి హోరు మొదలవుతుంది. తేనెటీగ ఒకటి గదిలోకి వచ్చి, వెళ్లిపోవడానికి మొహమాటపడుతున్నట్టు ఉంటుంది. వంటింట్లోంచి మా ఆవిడ "ఆ గుయ్యిమనుడు బంద్ చెయ్యరాదా?" అంటుంది. చేయవచ్చు. నా ముందున్నది యాంప్ మోడలర్. రకరకాల గిటార్ యాంప్లిఫయర్ల గొంతులను అనుకరించే ఇటుకంత డబ్బా. హోరును ఆపడానికి అందులో నాయిస్ గేట్ అని ఒక సదుపాయం ఉంది. గిటార్ చప్పుడు మనం పెట్టిన స్థాయి కంటే తగ్గగానే అది తలుపు మూసేస్తుంది. ఇక హోరు బయటికి రాదు. మూడేళ్లుగా నేను దాన్ని సున్నా మీదే ఉంచుతున్నాను. కారణం మా ఆవిడకు తెలుసు. అయినా అడుగుతుంది. కారణం తెలిసినంత మాత్రాన హోరు తగ్గదు కదా.

నాకు గిటార్ నేర్పింది దేవదానం కాక. గోదావరిఖనిలో మా క్వార్టరుకూ వాళ్ల క్వార్టరుకూ మధ్య ఒకటే గోడ. బొగ్గుబాయిలో ఆయన సర్దార్. షిఫ్టు వాళ్లకంటే ముందు లోపలికి వెళ్లి, కర్రతో పైకప్పు బండను తట్టి, ఆ చప్పుడును బట్టి దాని కింద మనుషులు పనిచేయవచ్చో లేదో చెప్పడం ఆయన డ్యూటీ. గట్టి బండ ఖంగున పలుకుతుందట. పొర విడిచిన బండ డొల్లగా పలుకుతుందట. ఆదివారం మాత్రం అదే చేత్తో చర్చిలో గిటార్ వాయించేవాడు. బాయి బయట కూడా ఆ తట్టే అలవాటు ఆగేది కాదు. తలుపులు, గోడలు, కొత్త కుండలు, ఒక్కోసారి నా నెత్తి. ఎండాకాలం పుచ్చకాయ కొనాలంటే మా లైనులో అందరూ ఆయనను వెంటబెట్టుకుని వెళ్లేవారు. పుచ్చకాయల మీద తీర్పు వెంటనే చెప్పేవాడు. నా నెత్తి మీద మాత్రం చివరిదాకా రిజర్వులోనే ఉంచాడు.

డిగ్రీ రెండో సంవత్సరంలో గిటార్ నేర్చుకుంటానని వెళ్లాను. నెలలో ఒక పాట, మూడు నెలల్లో కాలేజీ ఫంక్షన్, ఆ తర్వాత కీర్తి. నా ప్రణాళిక సుమారుగా ఇది. కాక మొదటి వారమంతా ఒక్క తీగే మీటించాడు. మీటి, చెయ్యి తీసి, ఆగాలి.

"అయిపోయిందా?"

"అయిపోయింది కాక."

"కాలె. ఇంక ఉన్నది. ఇను."

నాకు వినిపించేవి బయట స్కూటర్లు, లోపల కాక భార్య రూతమ్మ చిన్నమ్మ వేసే పోపు. కాక మాత్రం తల ఓ పక్కకు వంచి, కళ్లు కిందికి దించి, నాకు అందని ఆ చివరి నూలుపోగు కూడా తెగేదాకా వినేవాడు.

"గిట్లయితే నేను ఒక పాట నేర్చేవరకు నా పెండ్లయితది కాక."

"కానియ్యి. నీ పెండ్లాం సుత ఇంటది." ఆ తర్వాత నవ్వు ఆపి అన్నాడు: "కొట్టుడు ఎవ్వలకైనా అస్తది బిడ్డ. కొట్టినంక ఇనాలె. ఇనకుండ ఇంకోటి కొట్టినవనుకో, మొదటిది ఏం చెప్పిందో నీకెట్ల ఎర్కైతది?"

ఇది సంగీతం పాఠం అనుకున్నాను. కాదని మా నాన్న చెప్పాడు. కాక ఉన్న షిఫ్టులోనే నాన్న బొగ్గు నింపేవాడు. ఒకరోజు కాక ఒకచోట బండను తట్టి, ఆగి, మళ్లీ తట్టి, "ఇక్కడ వద్దు" అన్నాడట. పైఅధికారి తొందరలో ఉన్నాడు. తానూ తట్టి చూసి, "మంచిగనే ఉన్నది గద దేవదానం, ఊకె ఫికర్ చేస్తవు. మంచిగున్నదను, పని నడవనియ్యి" అన్నాడు. కాక కర్ర దారికి అడ్డంగా పెట్టి కూర్చున్నాడు. "సార్, మంచిగ లేని బండను మంచిగున్నదని నా నోట అనిపియ్యకుర్రి. గదొక్కటి నాతోటి కాదు." మధ్యాహ్నం ఆ బండ కూలింది. కింద ఎవరూ లేరు. పని నడవలేదని ఆ రోజు అందరూ సణిగిన మాట కూడా నాన్న దాచలేదు. ఈ కథ చెప్పినప్పుడల్లా ఒకే మాటతో ముగించేవాడు: "మీ కాక ఇన్నడు. మేం ఇంటికొచ్చినం."

ఏళ్లు గడిచాయి. కాక రిటైరయ్యాడు. నేను ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్నయ్యాను. ధ్వని పాఠం బాగా చెబుతానని పేరు కూడా వచ్చింది. ఇది ముందుముందు మీకు నవ్వు తెప్పిస్తుంది. కాక వేళ్లు బిగుసుకుపోతున్నాయి. ఒకరోజు చిన్నమ్మ గోడ మీదుగా పిలిచి, "మీ కాక వాయించేది ఒక్కటన్న పట్టిపెట్టు బిడ్డ. రేపు ఎట్లుంటదో ఏమో" అంది. రికార్డు చేద్దామని, లాప్‌టాప్‌తో పాటు అప్పుడే కొన్న ఈ మోడలర్‌ను చంకన పెట్టుకుని, ఆదివారం చర్చి నుంచి వాళ్లు రాగానే వెళ్లాను.

కాక ముందు డబ్బాను వేలి కణుపుతో తట్టాడు. "డొల్లగనే ఉన్నది" అన్నాడు. నేను చిన్నబుచ్చుకోలేదు. ఆయన గిటార్‌ను దానికి తగిలించి, రెండు గంటలపాటు దాని గొంతుకు రంగులు వేశాను. గొంతును బొంగురు చేసే గెయిన్ పెంచితే, "నాకు సర్ది చేసినట్టున్నదిరా" అన్నాడు. పెద్ద మందిరంలో మోగినట్టు రివర్బ్ పెడితే చుట్టూ చూసి, "గింత పెద్ద గుడిల నేనొక్కన్నేనా? మిగతోళ్లు ఎటు పోయిన్రు?" అన్నాడు. చివరికి మామూలు గొంతు దగ్గర ఆగాం. పాత క్వార్టరు వైరింగు వల్ల హోరు ఎక్కువగా ఉంది. నాకు స్టూడియోలో చేసినంత శుభ్రంగా రావాలి. గేట్ పెంచాను. సరిపోయిందో లేదో నేనే నాలుగు తీగలు మీటి చూశాను. నేను గిటార్‌ను బాదుతాను. కాక దాన్ని పలకరిస్తాడు. ఆ తేడా నాకు తట్టలేదు.

హెడ్‌ఫోన్స్ ఆయన చెవులకు పెట్టి, నేను లాప్‌టాప్ తెర మీద గీతలు చూస్తూ కూర్చున్నాను. ఆయన తన సొంత బాణీ ఒకటి, మాటలు లేనిది, మొదలుపెట్టాడు. ఒక తీగ, ఒక ఆగడం; ఒక తీగ, ఒక ఆగడం. సగంలో చెయ్యి ఆపాడు.

"ఇది నడుమల నోరు మూస్తున్నదిరా."

నేను తెర మీంచి కళ్లు తీయకుండానే అన్నాను: "కాక, నువ్వు రిటైరైనవు. అది ఇంక డ్యూటీల ఉన్నది. దాని పని దాన్ని చేస్కోనియ్యి."

ఆయన పగలబడి నవ్వాడు. చిన్నమ్మ కూడా నవ్వింది. జీవితంలో నేను వేసిన జోకుల్లో సగానికి సగం పేలలేదు. ఇది పేలింది. కాక నవ్వుకుంటూనే బాణీ మొత్తం వాయించాడు.

ఇంటికొచ్చి విన్నాను. ప్రతి స్వరం పుట్టి, రెండడుగులు వేసి, కత్తిరించినట్టు ఆగిపోతోంది. ఆయన ఏ చివరి పోగు కోసం ఆగాడో అదెక్కడా లేదు. గేట్ దాన్ని హోరు కింద లెక్కగట్టి లోపలే ఆపేసింది. మెత్తగా మీటినవి కొన్నైతే అసలే రాలేదు. గేట్ తగలని గిటార్ ముడి ధ్వనిని కూడా పక్కన దాచుకునే వీలుందని మోడలర్‌తో వచ్చిన పుస్తకం మొదటి పేజీల్లోనే రాసి ఉంది. నేను ఎఫెక్ట్స్ ఉన్న పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. వచ్చే ఆదివారం మళ్లీ చేద్దామనుకున్నాను. ఆ ఆదివారం పేపర్లు దిద్దాలి. ఆ తర్వాతది ఎవరిదో పెళ్లి. నాలుగో ఆదివారానికి కాక దవాఖానలో ఉన్నాడు. పక్షవాతం ఎడమ చేతికి వచ్చింది. ఇక ఆ చెయ్యి తీగలు పట్టలేదు.

కొన్నాళ్లకు చిన్నమ్మ మళ్లీ గోడ దగ్గరికి వచ్చింది. "ఆయన అడుగుతుండు బిడ్డ. ఆ పొద్దు పట్టింది ఉన్నదా అని." ఉంది అన్నాను. అబద్ధం కాదు. ఫోనూ చిన్న స్పీకరూ తీసుకెళ్లి మంచం పక్కన పెట్టాను. కాక తల వంచి వినడం మొదలుపెట్టాడు. మొదటి స్వరం తెగింది. ఆయన తల అలాగే వంచి ఉంది, రావలసింది ఇంకా ఉందన్నట్టు. రెండోది తెగింది. మూడోది తెగింది. ప్రతిసారీ ఆయన ఎదురుచూశాడు. ప్రతిసారీ నేను కిటికీలోంచి చూశాను. అక్కడ చూడదగ్గది ఏమీ లేదు. "కాక, నాదే తప్పు, నువ్వు చెప్పినా ఇనలే" అనడానికి ఆరు నిమిషాల సమయం ఉంది. నేను స్పీకర్‌ను మంచానికి ఇంకాస్త దగ్గరికి జరిపాను.

అయిపోయింది. చిన్నమ్మ ఆయన మొహం చూసింది. ఆయన నా మొహం చూశాడు.

"మంచిగున్నది బిడ్డ," అన్నాడు. "మంచిగనే ఉన్నది."

చిన్నమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, చాయ్ పెడతానని లేచింది. ఆ మాట విలువ ఎంతో ఆ గదిలో ఇద్దరికే తెలుసు. ఆ ఎండాకాలమే కాక పోయాడు. నాదే తప్పని నేను చెప్పలేదు.

ఇప్పుడు కాలేజీ నుంచి రాగానే ఈ డబ్బా ముందు కూర్చుంటాను. ఆయన గొంతు కోసం గెయిన్, బేస్, ట్రెబుల్ మీటలు కొంచెం కొంచెంగా తిప్పుతాను. అలా కుదిర్చిన అమరికలు, అంటే ప్రీసెట్లు, నలభై దాకా దాచాను. అన్నీ దగ్గర్లోకి వచ్చి ఆగిపోతాయి. గేట్ మాత్రం సున్నా. హోరు హోరుమంటుంది. ఒక్క తీగ మీటుతాను. అది సన్నబడి, హోరులో కలిసి, ఏది తీగో ఏది హోరో తెలియకుండా పోతుంది. అయిపోయిందనుకుని తీగల మీద చెయ్యి వేయబోతాను.

వేయను.