క్యాబిన్‌లో మామ లేడు

చెప్పుకోలేని మాట ఒకటి ఇన్నేళ్లుగా నాతోనే లేచి, నాతోనే పడుకుంటోంది. బరువు అంటారు గానీ నాకు ఇప్పుడు బరువుగా కూడా లేదు. చాలాసేపు మడిచి కూర్చున్న కాలులా ఉంది. నాదేనని తెలుసు, గిల్లితే తెలియదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నాది నాచారం. ఏడో తరగతి తర్వాత బడికి పోలేదు. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీ స్టోరులో సామాను మోసే పనికి చేరి, పక్కవాళ్లు చేసేది చూసి చూసి లెక్కలు నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ స్టోరు నా చేతిలోనే ఉంది. మా చర్చిలో విందు అంటే ఎసట్లో బియ్యం ఎంత పోయాలో, మీటింగుకు కుర్చీలు ఎన్ని తెప్పించాలో నన్నే అడుగుతారు. వీడి లెక్క తప్పదని పేరు. ఆ పేరంటే నాకు చాలా ఇష్టం. జరిగిందంతా ఆ ఇష్టం వల్లనేనా?

ఉప్పల్‌కు మెట్రో వచ్చిన కొత్తలో మా చర్చివాళ్లం నలభై మందిమి ఢిల్లీ, ఆగ్రా చూడటానికి పోయాం. ఎవరూ తప్పిపోకుండా చూసే బాధ్యత నాది. ఒక్కొక్కరికి ఒక నంబరు ఇచ్చాను. బస్సు కదిలే ముందు వరసగా ఎవరి నంబరు వాళ్లు గట్టిగా అనాలి. చివరి నంబరు విన్నాక నేను సరే అంటేనే బస్సు కదలాలి.

పదకొండు కరుణమ్మ అత్తమ్మ. పన్నెండు ఆమె భర్త దేవయ్య మామ. మాకు చుట్టాలు కారు. ఒకే సందులో ఉంటాం కనుక వరస కలిసింది. మామ దారం మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు, ఆ మిషన్ల చప్పుడుకు చెవులు పోయాయి. నంబర్లు పిలిచేది ఆయనకు వినబడదు కనుక ఇద్దరివీ అత్తమ్మే అనేది, ఒక్క ఊపిరిలో. మోకాళ్లు మడవలేక మామ డ్రైవర్ పక్కన క్యాబిన్‌లో కాళ్లు చాపుకుని కూర్చునేవాడు. క్యాబిన్‌కూ మా సీట్లకూ మధ్య ఒక అద్దం తలుపు, దానికి పరదా. సీట్లలో కూర్చున్నవాళ్లకు క్యాబిన్ కనబడదు. ఆ తలుపు దగ్గర నిలబడిన మనిషికి రెండు వైపులా కనబడతాయి. అక్కడ నిలబడేది నేను.

ఆ రోజు పొద్దున ఫతేపూర్ సిక్రీ, మధ్యాహ్నం ఆగ్రా కోట, సాయంత్రం తాజ్‌మహల్. మరునాడు శుక్రవారం, తాజ్ తెరవరు. గైడ్ హిందీలో చెప్పేది నేను మావాళ్లకు తెలుగులో చెప్పాలి. సిక్రీ అంతా ఎర్రరాయి. అక్బర్ బాదుషా ముచ్చటపడి కట్టించుకుని, కొన్నేళ్లకే వదిలేసి పోయాడట. దర్బారు ఉంది, కొలను ఉంది, రాణుల మేడలున్నాయి. ఉండేవాళ్లే లేరు. అక్కడ ఐదంతస్తుల మేడ ఒకటి ఉంది. పైకి పోయినకొద్దీ అంతస్తు చిన్నదవుతుంది, స్తంభాలు తగ్గుతాయి. గైడ్ చెప్పిన స్తంభాల సంఖ్య మీద నమ్మకం కుదరక నేనే నిలబడి లెక్కపెట్టుకున్నాను. నిజం చెబితే, ఆ ప్రయాణంలో నాకు సంతోషంగా గడిచింది ఆ కొద్దిసేపే.

వెనక నుంచి మామ గొంతు వచ్చింది. చెవుడు కదా, మామూలుగా మాట్లాడినా అందరికీ వినబడుతుంది.

"ఏం అల్లుడా, పిల్లర్లు లెక్కబెట్టనీకె గింత దూరమొచ్చినవా? మన ఉప్పల్ల మెట్రో పిల్లర్లు లేవా? గవాటికైతే నంబర్లు గుడ ఏసి పెట్టిండ్రు. నీకు తిప్పలు తప్పుతుండె."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్కడితో ఆగి ఉంటే ఏమయ్యేదో. మామ గైడ్ వైపు తిరిగి, వచ్చీరాని ఉర్దూలో, ఈయన బడి ఎగ్గొట్టిన లెక్కల మాస్టరు అని చెప్పాడు. గైడ్ చదువుకున్నవాడు. నన్ను పైనుంచి కింది దాకా చూసి నవ్వాడు. ఆ తర్వాత అతను చెప్పే మాటలు తెలుగులో చెబుతుంటే నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది.

చివరగా మసీదు ఆవరణ. గైడ్ తొందరపెడుతున్నాడు. మామ ఒక కమాను నీడలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. రమ్మని చేయి ఊపాను. మీరు నడవండి, వస్తా అన్నట్టు ఆయనా చేయి ఊపాడు. అక్కడి నుంచి బస్సులు నిలిపే చోటుకు చిన్న బస్సులు తిప్పుతారు. ఎవరికి దొరికినదాంట్లో వాళ్లు కిందికి దిగి మా బస్సు ఎక్కాం.

నంబర్లు మొదలయ్యాయి. అత్తమ్మకు ఎండకు తలనొప్పి వచ్చింది. కొంగు ముఖం మీద కప్పుకుని రెండు సీట్ల మీద ఒరిగింది. కొంగు కిందనుంచే పదకొండు, పన్నెండు అన్నది. మామ ఎప్పటిలాగే క్యాబిన్‌లో ఉన్నాడని ఆమె అనుకుంది.

క్యాబిన్‌లో మామ లేడు. నేను చూశాను. ఆయన తువ్వాల సీటు మీద ఉంది. పొరపాటు పడటానికి వీల్లేనంత దగ్గరగా నిలబడి చూశాను. నంబర్లు సాగుతున్నాయి. అవి చివరికి వచ్చేలోగా నా తలలో వేరే లెక్క నడిచింది. ఇప్పుడు ఎవరినో పైకి పంపి, ఆయన్ని లేపి, ఆ మోకాళ్లతో నడిపించి, చిన్న బస్సు కోసం నిలబడి, ఇక్కడికి తెచ్చేసరికి కోట చూడటం పోతుంది, తాజ్ గేటు కూడా మూసేస్తారు, ఇంతమంది మళ్లీ ఎప్పుడు వస్తారు, ఆయనకు ఉర్దూ వచ్చు, ఆటో పట్టుకుని వస్తాడులే. ఆ లెక్కలో తప్పు లేదు. ఇప్పుడు వేసినా అంతే వస్తుంది. కానీ దాని కింద ఇంకో మాట ఉంది. జర తిప్పలు పడనీ. ఏది ముందు వచ్చింది, లెక్కా, ఆ మాటా? అంతమంది కోసం చేశాను అని ఒక్కోసారి అనుకుంటాను. ఆ గైడ్ నవ్వకపోయి ఉంటే బస్సు మొత్తాన్ని ఎండలో ఆపి నేనే ఆయన కోసం పరుగెత్తేవాణ్ణి అని ఇంకోసారి అనిపిస్తుంది. నాకు తేలదు.

అందరూ వచ్చారు, పోనీ అన్నాను. మామ వెనక సీట్లలో భార్య దగ్గర కూర్చున్నాడని డ్రైవర్ అనుకున్నాడట.

దారిలో భోజనానికి ఆగినప్పుడు అత్తమ్మ మామకు వేయాల్సిన షుగర్ మాత్ర తీసుకుని క్యాబిన్ దగ్గరికి వచ్చింది. అప్పుడు అందరికీ తెలిసింది. మామ ఫోను ఆమె సంచిలోనే ఉంది. ఆమె, ఇంకో ఇద్దరు మగవాళ్లు బండి మాట్లాడుకుని వెనక్కి పోయారు. మిగతావాళ్లను తిప్పాలి కదా అని నేను ముందుకు పోయాను. కోట చూపించాను. తాజ్ చూశాను. తెల్లగా ఉంది. అంతకు మించి నాకేమీ గుర్తులేదు.

మామ మమ్మల్ని వెతుక్కుంటూ దారి తప్పి, ఇంకో దిక్కున ఉన్న పెద్ద దర్వాజా మెట్లు దిగబోయి పడ్డాడు. తుంటి విరిగింది. అక్కడి దుకాణాలవాళ్లు దవాఖానాలో చేర్చారు. బాగా చీకటి పడ్డాక నేనూ అక్కడికి పోయాను. అత్తమ్మ వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. నన్ను పక్కన కూర్చోమంది.

"అల్లుడా, జర నిజం జెప్పు. నేను పన్నెండు అన్నప్పుడు నువ్వు క్యాబిన్ల సూసినవా?"

"సూడలే అత్తమ్మా. నువ్వు అన్నవు గదా. ఉన్నడనుకున్న."

"అంటే నా నోరే ఆయన్ని ఈడ ఇడిసిపెట్టింది."

కాదు అనాలి. రెండక్షరాల మాట. నేను నీళ్ల సీసా మూత తీసి ఆమె చేతికిచ్చాను.

మామ మళ్లీ నడవలేదు. నాచారంలో మంచం మీదే ఉండి, పుండ్లు పడి, ఏడాది తిరగకుండానే పోయాడు. బతికున్నన్నాళ్లూ చూడవచ్చినవాళ్లతో, నన్ను అక్బర్ బాదుషాకు అప్పజెప్పి రాబోయింది ఈమె అని నవ్వుతూ చెప్పేవాడు. ఆయనకది సరసం. అత్తమ్మ లేచి వంటింట్లోకి పోయేది. నేను అక్కడే కూర్చుని చాయ్ తాగేవాణ్ణి. ఎలా తాగాను? తాగాను, అంతే.

మా చర్చిలో సాక్ష్యం చెప్పడం అని ఉంటుంది. దేవుడు చేసిన మేలో, తాము చేసిన తప్పో పదిమంది ముందు నిలబడి చెబుతారు. మామ జ్ఞాపకార్థ కూటంలో ప్రతి ఏడూ అత్తమ్మ లేస్తుంది. చూడకుండా నోరు జారి నా భర్తను పోగొట్టుకున్నాను, ప్రభువు నన్ను క్షమించాలి అంటుంది. అందరూ ఆమెన్ అంటారు. నేనూ అంటాను. నా పాపం ఆమె నోటితో ఒప్పుకుంటుంటే, వెనక వరసలో కూర్చుని ఆమెన్ అనే మనిషిని ఏమనాలి?

ఆమె ఇప్పుడు మేడిపల్లిలో కూతురి దగ్గర ఉంటోంది. ఇంట్లో ఎవరున్నారని అడిగితే చప్పున జవాబు చెప్పదట. ప్రతి గదిలోకీ పోయి, కళ్లతో చూసి వచ్చాక చెబుతుందట. కూతురి మొగుడు ఫోన్ చేసి అడిగినా అంతేనట. కూతురు దీన్ని నవ్వుతూ నాకు చెప్పింది. అది విన్నాక ఆగలేక, పోయిన ఆదివారం మేడిపల్లి పోయాను.

ఆమె చిక్కుడుకాయలు తుంచుతోంది. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. క్యాబిన్, తువ్వాల, నా తలలో నడిచిన లెక్క, దాని కింద ఉన్న మాట. ఏదీ దాచలేదు. ఆమె చేతులు ఆగలేదు. అంతా విని, తల ఎత్తి అన్నది.

"నా బాధ సూడలేక గిట్ల జెప్తున్నవు అల్లుడా. నువ్వు సూసినంక బస్సు కదలనిస్తవా? నీ లెక్క ఎన్నడన్న తప్పిందా?"

ఒట్టు వేయబోయాను. తనను ఓదార్చడానికి అబద్ధపు ఒట్టు వేసి పాపం కట్టుకోవద్దని నా చేయి పట్టుకుని ఆపింది. తర్వాత ఆ చేయి నా తల మీద పెట్టి, ఈ మంచి మనిషిని దీవించు తండ్రీ అని ప్రార్థన చేసింది. నేను తల వంచుకుని కూర్చున్నాను. వచ్చేటప్పుడు చిక్కుడుకాయలు కొన్ని సంచిలో వేసి ఇచ్చింది.

క్షమించగలిగిన ఇద్దరిలో ఒకరు లేరు. ఒకరు నమ్మరు. నేనెంత చెప్పినా నమ్మరు. మిమ్మల్ని క్షమించమని అడగను. అది మీ చేతిలో లేదు, అడిగే ముఖం నాకూ లేదు. మీరు నమ్మితే చాలు. కరుణమ్మ అత్తమ్మ నోరు ఏ తప్పూ చేయలేదు. చూసినవాణ్ణి నేను, చూసి పోనిచ్చినవాణ్ణి నేను. ఎవరూ అడ్డం చెప్పకుండా ఈ మాట మొదటిసారి చివరిదాకా చెప్పగలిగాను. ఊపిరి కొంచెం తేలిగ్గా వస్తోంది. అంతే.