గాలి చూసి కట్టిన ఆఫీసు

ఆ రోజు నేను చేసిన తప్పు మొదటే చెబుతాను. కన్ను చూపించుకోవడానికి వచ్చిన మనిషిని నోరు మూసుకోమన్నాను. అంత మొరటుగా ఏమీ అనలేదు. "ఊకోమ్మా, మాట్లాడుకుంటున్నం గదా" అన్నాను, అంతే. మా వైపు ఏడ్చే పసిపిల్లను కూడా ఇదే మాటతో బుజ్జగిస్తాం. అందుకే అది తిట్టులా వినపడదు. ఆ మాటలోని మెత్తదనం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు ఒళ్ళు మండుతుంది.

తొంభైల మొదట్లో నేను సూర్యాపేటలో ఒక కాలేజీలో కామర్స్ చెప్పేవాణ్ణి. పీహెచ్‌డీ కోసం రైస్ మిల్లుల మీద పరిశోధన మొదలుపెట్టాను. యజమానులు పెట్టుబడి నిర్ణయాలు ఎలా తీసుకుంటారు, రేపటి సంగతి ఎంతవరకు ఆలోచిస్తారు అన్నది నా విషయం. 'సుస్థిరత' అనే మాట అప్పుడప్పుడే సెమినార్లలో వినపడుతోంది. మా గైడుకు ఆ మాటంటే మోజు. నాకూ మోజే. సెలవు దొరికితే చాలు, బస్సెక్కి మిర్యాలగూడ పోయేవాణ్ణి.

అక్కడ ఒక ఉప్పుడు బియ్యం మిల్లువాళ్ళు నన్ను రానిచ్చారు. వాటాదార్లు ఇద్దరు. నిడమనూరు దగ్గర భూములున్న పెద్దాయన ఒకరు, ఆయన బావమరిది ఇంకొకరు. వాళ్ళు మాట్లాడుకుంటుంటే ఒక మూల కూర్చుని వినడానికి ఒప్పుకున్నారు. వినడమే నా పని. సలహాలు చెప్పకూడదన్నది పరిశోధన చేసేవాడు మొదట నేర్చుకునే నియమం.

ఉప్పుడు బియ్యానికి వడ్లను ఆవిరి మీద ఉడికించాలి. ఆ బాయిలర్లో కాల్చేది ఊక. వడ్లు ఆడిస్తే వచ్చేదే కనుక కొనే పని లేదు. "ఊక ఊకెనే వస్తది సారూ, బూడిద ఊకెనే పోతది" అనేవాడు పెద్దాయన. ఉత్తగానే వస్తుంది, ఉత్తగానే పోతుంది అని. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, మా స్టాఫ్ రూములో పదే పదే చెప్పి అందర్నీ నవ్వించాను. చదువుకున్నవాళ్ళం అంతమందిమి నవ్వాం. ఊకెనే పోయే ఆ బూడిద ఎక్కడికి పోతుందని ఒక్కరమూ అడగలేదు.

అది మిల్లు వెనకున్న తండా మీదికి పోయేది. ఊక బూడిద పొయ్యిలో బూడిదలా మెత్తగా ఉండదు. కంట్లో పడితే ఇసుక పడ్డట్టే. నలిపితే కంటిపాప గీరుకుపోతుంది.

ఆ రోజు వాళ్ళు తేల్చుకోవలసింది ఒకటే. చేతిలో ఉన్న పైకంతో వడ్లు ఆరబెట్టే డ్రయ్యర్ కొనాలా, లేక పొగగొట్టానికి బూడిద పట్టే సామాను బిగించి, బూడిద గుట్ట చుట్టూ గోడ లేపాలా? రెండూ ఒకేసారి చేసే శక్తి లేదు.

"బావా, తండోళ్ళు మొత్తుకుంటున్నరు. ముందుగాల బూడిద సంగతి సూద్దాం" అన్నాడు బావమరిది.

"వాళ్ళ లొల్లి ఎప్పుడు లేదుర? వాన పడితే బురద అని లొల్లి, ఎండ కొడితే బూడిద అని లొల్లి. డ్రయ్యరొస్తే మబ్బు పట్టినా బేఫికర్‌గ ఉంటం."

అప్పుడే ఆమె గుమ్మంలోకి వచ్చింది. మిల్లు కళ్ళంలో వడ్లు తిరగేసే తండా మనిషి. ఎడమ కంటికి కొంగు అదిమి పట్టుకుంది.

"సేటూ, నా కన్ను జర సూడు. తెరవొస్తలేదు. దవాఖానకన్న తోలియ్యి. ఆ గుట్ట మీద పట్టన్న కప్పియ్యి."

పెద్దాయన ఆమె వైపు చూడలేదు. నా వైపు తిరిగి నవ్వాడు. "సారూ, మీరు సదువుకున్నోళ్ళు. ఏది ముందు కొనాల్నో మీరే చెప్పుండ్రి."

నెలల తరబడి మూలన కూర్చున్నవాణ్ణి. అడిగేసరికి ఉబ్బిపోయాను. గొంతు సవరించుకునేలోగా ఆమె మళ్ళీ "సేటూ" అంది. అప్పుడే ఊకోమన్నాను. తర్వాత పాఠం చెప్పినట్టు చెప్పాను. డ్రయ్యర్ రాబడి తెస్తుంది, బూడిద సామాను పైసా తేదు, కనుక డ్రయ్యర్ ముందు, బూడిద వచ్చే సీజనుకు.

"ఖతం. సారే చెప్పిండు" అన్నాడు పెద్దాయన.

బావమరిది తల దించుకున్నాడు. ఆమె తెరిచి ఉన్న ఒక్క కంటితో నన్ను ఎగాదిగా చూసింది.

"ఫ్యాన్ కింద కూసోని చెప్పుడు అల్కగనే ఉంటది సారూ. గుట్ట పక్కకొచ్చి కూసోని చెప్పు" అని వెళ్ళిపోయింది.

ఆ మాట గుచ్చుకుని, మిల్లు వెనక దారి పట్టాను. తండా మొదట్లోనే ఆమె ఇల్లు. వాకిట్లో కూర్చుని తల వెనక్కి వాల్చింది. పక్కింటి బాలింతరాలు ఆమె రెప్ప పైకెత్తి, కంట్లో చనుబాలు పిండుతోంది. దండెం మీది బట్టలు, నీళ్ళ బిందెల మూతలు, కోడి రెక్కలు అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. గాలి విసురుకు నేనూ కళ్ళు మూసుకున్నాను. తెరిచి మిల్లు వైపు చూస్తే ఆఫీసు కిటికీల అద్దాలు తళతళ మెరుస్తున్నాయి.

మొదటిసారి కలిసినప్పుడు పెద్దాయన చెప్పింది గుర్తొచ్చింది. "గాలి సూసే కట్టినం సారూ ఆఫీసు. ఇక్కడ పడమటి గాలి ఎక్కువ. గీడ ఒక్క నలక పడదు." యాజమాన్యం ముందుచూపు అంటే ఇదీ అని అప్పుడు నేను మెచ్చుకున్నాను కూడా.

ఒళ్ళంతా మంటెత్తింది. బూడిద ఎక్కడ పడుతుందో వాళ్ళకు తెలియక కాదు. తమ కంట్లో పడకూడదని పునాది తీయకముందే తేల్చుకున్నారు. ఇవతలివాళ్ళ కళ్ళ సంగతి అడిగితే మాత్రం వచ్చే సీజను. ఎప్పుడూ వచ్చే సీజనే! నాలాంటి వాడు ఆ వాయిదాకు రాబడి, ప్రాధాన్యం అని మంచి మంచి పేర్లు పెడతాడు. వాళ్ళ స్వార్థం కనీసం పచ్చిగా ఉంది. నాది ఇస్త్రీ చొక్కా తొడుక్కుంది.

మిర్యాలగూడలో కంటి డాక్టరు ఊళ్ళో లేడన్నారు. మర్నాడు పొద్దున్నే కోదాడ తీసుకుపోతానని ఆమె ఇంటికి వెళ్ళాను.

"నిన్న ఊకోమంటివి, ఇయ్యాల బస్సెక్కమంటున్నవ్. నీకేమన్న తిక్కనా సారూ?" అంది. ఇంట్లోవాళ్ళు నచ్చజెప్పాక ఆడబిడ్డను తోడు తీసుకుని బయల్దేరింది.

కోదాడ డాక్టరు కన్ను చూసి నా మీద విరుచుకుపడ్డాడు. "ఏంటండీ ఇది? పుండు పడేదాకా ఏం చేస్తున్నారు? మందు వేస్తే చూపు కొంత నిలబడొచ్చు. మళ్ళీ బూడిద పడిందా, కన్ను పోయినట్టే. మీరెవరు, మిల్లు తాలూకానా?"

కాదు అనబోయి ఆగాను. మిల్లులో చెల్లింది నా మాటే. "అవును" అన్నాను.

వాళ్ళిద్దరినీ సూర్యాపేటలో మా ఇంట్లో దింపి, తిన్నగా మిల్లుకు పోయాను. నిన్న చెప్పింది తప్పని, డ్రయ్యర్ ఆపమని అడిగాను.

పెద్దాయన పకపకా నవ్వాడు. "నిన్నొక మాట, ఇయ్యాలొక మాట. పోరగాళ్ళకు గూడ గిట్లనే చెప్తవా పాఠం?"

ఆఫీసులోని కుర్చీలు ఒక్కొక్కటే మోసుకుపోయి, గుట్టకు ఇవతల, తండా వైపు వేశాను. హమాలీలు పని ఆపి చూశారు. ఎవరో ఈల వేశారు. "మాట్లాడేదేదో ఇక్కడ కూర్చుని మాట్లాడండి" అని కేక పెట్టాను. నా గొంతు అంత లేస్తుందని నాకే తెలియదు. బావమరిది వచ్చి కూర్చున్నాడు. పెద్దాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నాలుగడుగులు వేశాడు, ఇంతలో గాలి లేచింది. కుర్చీ దాకా రాకుండానే వెనక్కి తిరిగాడు.

"బావా, రా! వీళ్ళు పొద్దుమాపు గీడనే ఉంటరు, మనం జరసేపు కూసోలేమా?" అని అరిచాడు బావమరిది. ఆ ఇద్దరి మధ్య అంత పెద్ద గొంతు అంతకుముందు నేను వినలేదు.

గెలిచామని చెప్పలేను. డ్రయ్యర్ రానే వచ్చింది. ఆ ఏడు గోడ లేవలేదు. బావమరిది పట్టుబట్టి బూడిదను నీళ్ళతో తడిపే పైపు వేయించాడు, గుట్ట మీద టార్పాలిన్ పట్టాలు కప్పించాడు. పొగగొట్టం మాత్రం అలాగే ఉంది.

ఆ పాటి ఏర్పాటు జరిగేదాకా ఆమెనూ ఆడబిడ్డనూ మా కిరాయి ఇంట్లోనే ఉంచాను. ఇంటి ఓనరు మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీ అంది నా భార్య. పూటపూటా కంట్లో మందు తనే వేసేది. "పరిశోధన చేస్తున్నడు అంటే ఏందో అనుకున్న. ఇదా?" అని నన్ను ఎత్తిపొడిచేది. ఆ కంటికి చూపు నిలిచింది కానీ మసక పోలేదు. ఆ మసకలో నా వాటా ఉంది.

మిల్లు నిర్ణయం గురించిన అధ్యాయం కొట్టేసి మళ్ళీ రాశాను. తప్పుడు సలహా ఇచ్చింది నేనేనని రాశాను. పరిశోధకుడు తన గోడు రాసుకోకూడదని గైడు కోప్పడ్డాడు. తీసేయమన్నాడు. తీయలేదు. ఆయన సంతకం కోసం చాలాకాలం తిరిగాను.

మిల్లు లోపలికి నన్ను మళ్ళీ రానివ్వలేదు. సెలవు రోజుల్లో బస్సు దిగి తండా వైపు నుంచి పోయి, గుట్ట మీద చెయ్యి పెట్టి చూసేవాణ్ణి. పొడిగా తగిలితే గేటు దగ్గర నిలబడి కేకలు వేసేవాణ్ణి. పెద్దాయన ఒక్కోసారి బయటికి వచ్చి, "ఏం సారూ, బూడిద తడిసిందో లేదో సూడొచ్చినవా?" అని ఎకసెక్కం ఆడేవాడు.

"అవును, దానికే వచ్చిన. పైపు ఇప్పియ్యి" అనేవాణ్ణి. నీళ్ళు పడేదాకా అక్కడే నిలబడేవాణ్ణి.