వాల్యూమ్ నాబ్ మీద రెండు బొట్టుబిళ్లలు

పంజాగుట్టలోని ఒక ఆడియో షోరూమ్‌లో నన్ను లిజనింగ్ రూమ్ ఇన్‌చార్జిగా వేసింది రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో. నా చెవులు చూసి వేశారని చాలామంది అనుకుంటారు. కాదు, నా నోరు చూసి వేశారు. కింద కౌంటర్లో నేను ఒక కస్టమర్‌తో మాట్లాడుతుంటే, పక్క కస్టమర్‌కు తాను కొనబోయే టేప్ రికార్డర్ వినపడేది కాదు. షోరూమ్ మొత్తంలో శబ్దం బయటికి రాని దళసరి తలుపు ఉన్నది మేడ మీది ఆ గదికి మాత్రమే. నన్ను అందులో పెట్టి తలుపు వేశారు. ఎనిమిదో తరగతితో బడికీ నాకూ చెల్లిపోయిన మనిషిని నేను. ఏసీ గదీ, జేబు మీద ‘ఇన్‌చార్జి’ అన్న బ్యాడ్జీ వస్తే శిక్ష అని ఎందుకనుకుంటాను?

ఆ గది సంగతి కొంచెం చెప్పాలి. నేల మీద తివాచీ, గోడలకు మందపాటి తెరలు, మధ్యలో ఒక సోఫా. ఎదురుగా పోల్చి చూడాల్సిన స్పీకర్ల జతలు. జత అంటే ఎడమదీ కుడిదీ కలిపి. హోదా ప్రకారం నా పైన షోరూమ్ యజమాని యాదగిరి సేఠ్ ఒక్కడే. నా పక్కన సర్వీస్ బల్ల దగ్గర గౌస్ భాయ్ ఉండేవాడు. ఆంప్లిఫయర్ విప్పినా, వైరు మార్చినా ఆయన చెయ్యే.

ఈ పనిలో అన్నిటికన్నా ముందు నేర్చుకోవాల్సింది ఒకటుంది. పాటా ఆంప్లిఫయరూ మారకపోయినా, వాల్యూమ్ నాబ్ కదలకపోయినా, రెండు జతలు ఒకే శబ్దం ఇవ్వవు. ఒకటి అదే కరెంటుతో ఎక్కువ మోగుతుంది, ఇంకొకటి తక్కువ. దీన్ని మా భాషలో సెన్సిటివిటీ అంటారు. చెవి పెద్ద లంచగొండి. ఏది కాస్త గట్టిగా మోగితే అదే మేలని తీర్పు రాసేస్తుంది. అందుకని పాటకు ముందు టెస్ట్ సీడీలో ఉండే జోరువాన లాంటి మోత వేసేవాణ్ణి. సోఫాలో కస్టమర్ తల ఉండే చోట సౌండ్ మీటర్ పట్టుకుని, ఏ జతకు నాబ్ ఎక్కడ ఆగితే శబ్దం సమానమవుతుందో చూసి గుర్తు పెట్టేవాణ్ణి. గుర్తులకు మా ఆవిడ బొట్టుబిళ్లలు వాడేవాణ్ణి, పెద్ద జతకు ఎర్రది, చిన్న జతకు ఆకుపచ్చది. “ఆంప్లిఫయర్‌కు పెండ్లి చేసినవ్ గద భాయ్” అనేవాడు గౌస్ భాయ్.

ఆ రోజుల్లో మా గదిలో ఒక పెద్ద జత ఉండేది. విదేశీ సరుకు, నేల మీద నిలబెడితే నా ఛాతీ దాకా వచ్చేది. నెలల తరబడి కదలలేదు. కింద మాత్రం సెల్‌ఫోన్లు చేతికి అందనంత జోరుగా అమ్ముడుపోతున్నాయి. ఒకరోజు సేఠ్ పైకొచ్చి తేల్చేశాడు.

“ఫోన్లు పల్లీల లెక్క పోతున్నయ్. గీ నెల్ల గా పెద్ద జత పోకపోతే గీ గది కొట్టేసి ఫోన్ల కౌంటర్ పెడ్త.”

“గదితోని నన్ను సుత అమ్ముతవా సేఠ్?” అన్నాను.

“నిన్నెవడు కొంటడు? వారంటీ లేదు.”

నెల చివర్లో ఒక మధ్యాహ్నం నేను అమీర్‌పేటలో భోంచేసి వచ్చేసరికి గదిలో సేఠే స్వయంగా పాట వేస్తున్నాడు. సోఫాలో ఒక జంట. రవికాంత్ గారు సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, కాకినాడ వైపు మనిషి. ఆయన భార్య సునీత గారు అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పేవారు. అక్కడే కొత్తగా ఫ్లాట్ కొనుక్కున్నారు. పెద్ద జతనూ, దాంట్లో సగం ఎత్తు కూడా లేని, స్టాండ్ మీద పెట్టే చిన్న జతనూ పోల్చి విన్నారు. “ఇంక ఆలోచించేదేం లేదండీ, పెద్దవే” అంటున్నారు రవికాంత్ గారు. సేఠ్ చేతిలోకి బిల్లు పుస్తకం వచ్చేసింది.

నేను నాబ్ వైపు చూశాను. ఎర్రబొట్టు దగ్గరా లేదు, ఆకుపచ్చబొట్టు దగ్గరా లేదు. నాబ్ ఒకేచోట ఉంచి రెండు జతలనూ వినిపించాడు సేఠ్. పెద్ద జత సహజంగానే గట్టిగా మోగి గెలిచింది.

నేను ఊరుకుంటే చాలు, గది దక్కుతుంది. కానీ ఊరుకోవడం నా నోటికి అలవాటు లేని పని. “సార్, మీరు ఎంచుకున్నది స్పీకర్లు కాదు, వాల్యూమ్. అది మేం ఉచితంగానే ఇస్తాం” అన్నాను.

“ఏంటండీ, నాకు చెవుల్లేవంటారా?” అన్నారు రవికాంత్ గారు.

“ఉన్నాయి కాబట్టే చెబుతున్నాను సార్. నా చెవులూ ఇదే తీర్పు ఇస్తాయి. వాటిని నమ్మలేకే ఈ మీటర్ పెట్టుకున్నాం.”

సేఠ్ ముఖం పెద్ద జత కంటే నల్లబడింది. అయినా కస్టమర్ ముందు కాదనలేకపోయాడు. మీటర్ రవికాంత్ గారి చేతికే ఇచ్చాను. ఆయన చదువుతూ ఉంటే నాబ్ గుర్తులు మళ్లీ సరిచూశాం. స్పీకర్ల ముఖానికి బిగించే పల్చటి నల్లగుడ్డ ఉంటుంది, శబ్దాన్ని ఆపదు. గౌస్ భాయ్ దాన్ని అడ్డంగా కట్టి, వెనక నిలబడి, బొట్టు ప్రకారం నాబ్ తిప్పుతూ ఏ జత మోగాలో తానే మార్చాడు. నా ముఖం చూసి ఎవరైనా కనిపెడతారేమోనని నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. బడిలో ఆ సాధన బాగా అయింది.

ఈసారి రవికాంత్ గారు ఒక మాట మీద నిలవలేకపోయారు. డప్పు మోగినప్పుడు మొదటిది అన్నారు, పాట అందుకోగానే రెండోది అన్నారు. సునీత గారు మాత్రం కళ్లు మూసుకుని, “రెండోదాంట్లో పాడే ఆవిడ ఎదురుగా నిలబడింది. మొదటిదాంట్లో పక్క హాల్లోంచి మైకులో పాడుతోంది. మైకు గోల నాకు రోజంతా ఉండేదే కదండీ” అన్నారు. గుడ్డ తీశాం. రెండోది చిన్న జత.

“ఇంట్లో మాట్లాడుకుని చెబుతాం” అని లేచారు. మా వ్యాపారంలో ఆ మాటకు ‘సెలవు’ అని అర్థం. మర్నాడు పొద్దున వడ్రంగి వచ్చి, గది గోడల మీద సుద్దతో గీతలు గీశాడు. “ఫికర్ చెయ్యకు, ఫోన్లు సుత మాట్లాడ్తయ్, నీకు తోడైతయ్” అన్నాడు సేఠ్.

ఆ వారంలోనే రవికాంత్ గారు ఫోన్ చేశారు. రెండు జతలూ వాళ్లింట్లో వినిపించగలమా అని. హోమ్ డెమో అని మాకు పద్ధతి ఉండేది కానీ, అంత బరువైన జతను ఎప్పుడూ గుమ్మం దాటించలేదు. సేఠ్ చాలాసేపు మీసం దువ్వి ఒప్పుకున్నాడు. “ఒక్క గీత వడ్డా నీ తోలు మీద గీస్త” అన్నాడు. ట్రాలీ ఆటోలో దుప్పట్లు పరిచి, పెద్ద జతను పసిపిల్లల్లా పడుకోబెట్టి, కోచింగ్ సెంటర్ల బోర్డుల కిందుగా, హాస్టల్ పిల్లల్ని తప్పుకోమని అరుస్తూ అమీర్‌పేట గల్లీలోకి తీసుకెళ్లాం. అరిచింది నేనే. హారన్ అవసరం పడలేదు.

వాళ్ల హాలు చిన్నది. నేలంతా నున్నటి టైల్స్, ఒక గోడకు అద్దాల షోకేసు. తివాచీ లేదు, తెరలు లేవు. పెద్ద జత పెట్టి డప్పు వినిపిస్తే హాలు మూలమూలనా గుయ్యిమంది. షోకేసులో గ్లాసులు సైతం తాళం వేశాయి. పాట ఏది, మోత ఏది తెలియలేదు. చిన్న జతను స్టాండ్ల మీద పెట్టి, గోడకు మూరెడు ముందుకు జరిపి, శబ్దం సమానం చేసి వేశాం. పాడే ఆవిడ వచ్చి టీపాయ్ అవతల నిలబడింది.

రవికాంత్ గారు పెద్దగా నవ్వారు. “ఏనుగు బాగానే ఉందండీ, మా ఇంట్లో దానికి చోటే లేదు” అన్నారు. చిన్న జత తీసుకున్నారు, దానికి తోడు ఇంకా మంచి ఆంప్లిఫయర్ ఒకటి.

ఆంప్లిఫయర్ తీసుకోవడానికి షోరూమ్‌కు వచ్చినప్పుడు సునీత గారి కళ్లు గోడ మీది సుద్దగీతల మీద పడ్డాయి. ఏంటివని సేఠ్‌నే అడిగారు. ఆయన నసుగుతూ చెప్పాడు.

“అదేంటండీ! మా సెంటర్లో నలుగురైదుగురు వస్తామంటున్నారు. ఇక్కడ శబ్దం సమానం చేసి మరీ వినిపిస్తారని నేనే చెప్పాను. వాళ్లని ఫోన్ల మధ్య కూర్చోబెట్టి వినిపిస్తారా ఏంటి?”

సేఠ్ గీతలను చూశాడు, ఆవిడను చూశాడు, చివరికి ఇష్టం లేకుండా నన్ను చూశాడు. “గౌస్, తడిగుడ్డ తెచ్చి గవి తుడువు” అన్నాడు. ఫోన్ల కౌంటర్ కింద మెట్ల పక్కన వెలిసింది. సునీత గారు చెప్పినవాళ్లు వచ్చారు, వాళ్లు ఇంకొందరిని పంపారు. పెద్ద జత కూడా చివరికి అమ్ముడుపోయింది. విశాలమైన హాలున్న ఒక డాక్టరు గారు నల్లగుడ్డ వెనక విని, సమాన శబ్దం మీదే దాన్ని ఎంచుకున్నారు. దాని తప్పేమీ లేదు, దానికి తగిన ఇల్లు దొరకాల్సి వచ్చింది, అంతే. కొన్నాళ్లకు సేఠ్ గది తలుపుకు తానే ఒక బోర్డు కొట్టించాడు: ‘శబ్దం సమానం చేయనిదే బేరం లేదు.’ అది తన సిద్ధాంతమేనని కస్టమర్లకు చెప్పేవాడు కూడా. నేను అడ్డు చెప్పలేదు, ఆ మాట ఎవరి నోట వచ్చినా గది నాదే కదా. రిటైరయ్యే దాకా ఆ గది ఇన్‌చార్జిని నేనే.

ఖరీదైన ఆడియో కొనాలనుకునేవారికి ఆ వ్యవహారం నుంచి నేను చెప్పగలిగేది ఇంతే. ముందు శబ్దం సమానం చేయించండి. స్పీకర్లు కనపడకుండా వినండి. తర్వాత అవి ఉండబోయే ఇంట్లో వినండి. ఈ మూడూ అయ్యాకే ధర అడగండి. అమ్మేవాడు ఈ మూడింటిలో దేని దగ్గర తొందరపెట్టినా, అక్కడ ఆగి చూడండి.

రిటైరైన రోజు షోరూమ్‌లో చిన్న సన్మానం చేశారు. మైకు ఇస్తే వద్దన్నాను, దాని అవసరం నాకెప్పుడూ పడలేదు. బొట్టుబిళ్లల కథంతా చెప్పి, ఈ ఊళ్లో శబ్దాన్ని నాలా సమానం చేసినవాడు ఇంకొకడు లేడని ముగించాను. శాలువా కప్పడానికి లేచిన యాదగిరి సేఠ్ ఒక చెవి మూసుకుని అన్నాడు:

“అన్ని డబ్బాలకు బొట్టు వెట్టినవ్ గని, గిన్నేండ్లల్ల నీ నోటికొక్కటి వెట్టుకోకపోతివి గదయ్యా!”